మిరప సాళ్ళలో దిద్దిన జవాబు పత్రం

కొత్తగా తెలుగు టీచర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, నాలుగు అనుభవాలు చెప్పండి" అంటుంటారు. చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు. అందుకే రాస్తున్నాను. ఒకప్పుడు నా గొంతు ఎంతటిదంటే, పెనుబల్లిలో నేను పద్యం ఎత్తుకుంటే సత్తుపల్లి బస్టాండులో ప్రయాణికులు బస్సు వచ్చిందనుకుని సంచులు సర్దుకునేవారు. ఇరవై ఏడేళ్ళు ఒత్తులూ దీర్ఘాలూ అరిచీ అరిచీ, యాభై మూడో ఏట నా స్వరపేటిక నాకంటే ముందే రిటైరైంది. దవాఖానాలో డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, "దీంట్లో ఇంక ఏమీ మిగల్లేదు సార్, ఇంటికి వెళ్ళండి" అన్నాడు. వెళ్ళాను. దాని పేరే స్వచ్ఛంద పదవీ విరమణ.

ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒక్కటే, అదీ దారి తప్పి వచ్చింది. ఇద్దరు పిల్లల గురించి, వాళ్ళ విషయంలో నేను చేసిన ఒక ఘనకార్యం గురించి రాస్తాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదాంట్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క ఏడాదిలోనే ఉంది.

మూడు కాదు, పది

మాది ముదిగొండ వైపు. అక్కడ పుట్టి పెరిగి, అడవి అంచున ఉన్న ఉన్నత పాఠశాలకు బదిలీ అయ్యాను. భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఊరు. తరగతిలో సగం మంది పిల్లలు ఇంట్లో కోయ భాష మాట్లాడతారు. బజారులో తెలుగు. బడిలో నా తెలుగు, అంటే పుస్తకం కూడా వినడానికి భయపడే తెలుగు.

నాకో అలవాటుండేది. ప్రశ్న అడిగి మనసులో మూడు లెక్కపెట్టేవాణ్ణి. జవాబు రాకపోతే పక్క పిల్లకు దూకేవాణ్ణి. ఒక రోజు మా హెడ్మాస్టర్ మేడమ్ చివరి బెంచీలో వచ్చి కూర్చున్నారు. మేడమ్ చూపు సామాన్యమైనది కాదు. ఆ చూపుకు చాక్‌పీసు దానంతటదే పొడి అయ్యేది. పీరియడ్ అయ్యాక ఒకే మాట అన్నారు.

"సార్, మీరు మూడు లెక్కపెట్టేలోపు ఆ పిల్ల మీ ప్రశ్నను వాళ్ళ భాషలోకి తీసుకుపోయింది. అక్కడ జవాబు వెతికి, దాన్ని తెలుగులో పెట్టుకుని తిరిగొచ్చేసరికి మీరు పక్క బెంచీలో ఉన్నారు. పది లెక్కపెట్టండి."

నాకు ఎందరో పై అధికారులు ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చారు. అన్నీ కలిపి తూకం వేసినా ఈ "పది" బరువు తూగవు. మీరూ రాసిపెట్టుకోండి. నేను మాత్రం ఆ రోజు రాసిపెట్టుకుని, ఆ కాగితం ఎక్కడో పెట్టి మరిచిపోయాను. లేకపోతే తర్వాతి కథ జరిగేది కాదు.

నోరు ఒకరిది, చెయ్యి ఒకరిది

షాహీన్ తండ్రి బడి ఉన్న ఊరి బజారులో పరుపులు కుట్టేవాడు. ఆ దుకాణంలో దూది ఎగిరినట్టు ఆ పిల్ల నోట మాటలు ఎగిరేవి. ఊపిరి పీల్చుకోవడానికి కూడా ఆగేది కాదు. ఎలా బతికుందో సైన్సు మాస్టారికి కూడా అంతుపట్టలేదు.

జోగమ్మది వాగు అవతలి గూడెం. రోజూ ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చేది. నేను పాఠం చెప్పిన మూడేళ్ళలో ఆ పిల్ల నోట విన్నవి మొత్తం ఏడు మాటలు. అందులో ఐదు "ప్రెజెంట్ సార్".

ఇద్దరూ అప్పుడు పదో తరగతి, ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. ఎందుకు కలిశారో దేవుడికే తెలియాలి. ఎలా కలిసి ఉన్నారో మాత్రం నేను చూశాను. ఇద్దరికీ కావలసిన అనుమతులన్నీ షాహీన్ అడిగేది. ఇద్దరికీ రాని లెక్కలన్నీ జోగమ్మ చేసేది. దారిలో కుక్క కనిపిస్తే షాహీన్ అరిచేది, జోగమ్మ రాయి తీసేది. వానాకాలంలో వాగు పొంగి జోగమ్మ గూడేనికి పోలేకపోతే షాహీన్ వాళ్ళ దుకాణంలో సగం కుట్టిన పరుపు మీద పడుకునేది. మూడు రోజులు వరసగా వాగు దిగకపోతే, ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో మాట్లాడేది ఒక్క షాహీనేనని వాళ్ళ నాన్న నాతో మొర పెట్టుకున్నాడు.

గైడు చెప్పిన నరసయ్య

అప్పట్లో మా పదో తరగతికి ఉపవాచకంగా ఒక పాత నవల ఉండేది. పేరు చెప్పను. చదివినవాళ్ళకు అవసరం లేదు, చదవనివాళ్ళకు కథ చాలు. కరువు కాలం. కోటయ్య, నరసయ్య అనే ఇద్దరు స్నేహితులు ఊరు వదిలి గోదావరి వైపు నడుస్తారు. కోటయ్య నోరున్న మనిషి. పాట పాడి, ఇల్లిల్లూ అడిగి, దొరికిన గంజిలో సగం నరసయ్యకు పోస్తాడు. నరసయ్య మాట్లాడడు. భుజాన ఒక మూట మోస్తుంటాడు. అందులో జొన్న విత్తనాలు. కోటయ్య ఆకలికి సొమ్మసిల్లి పడిపోయినా ఆ ముడి విప్పడు. గోదావరి ఒడ్డు చేరాక వాన పడుతుంది. అప్పుడు విప్పుతాడు. ఇద్దరూ కలిసి విత్తుతారు. అంతే.

ఇద్దరి స్వభావాలనూ పోల్చండి అనే ప్రశ్న ఏటేటా వస్తుంది. గైడులో జవాబు: కోటయ్య త్యాగమూర్తి, నరసయ్య లోభి, స్నేహం వల్ల చివరికి మారాడు. నేను దీన్ని నటించి చెప్పేవాణ్ణి. డస్టర్‌ను తువ్వాలులో మూటగట్టి, గుండెకు హత్తుకుని, ఓర చూపులు చూస్తూ తరగతంతా తిరిగేవాణ్ణి. నరసయ్యను ఎంత నీచంగా నటించేవాణ్ణంటే, ఒకసారి ముందు బెంచీ పిల్లవాడు కోపం పట్టలేక నా మూట మీదికి దూకాడు. ఆ సంగతి గర్వంగా పది జిల్లాల టీచర్లకు చెప్పుకున్నాను.

రెండు కాగితాలు, ఒకే జవాబు

ఆ ఏడాది సంక్రాంతి సెలవుల తర్వాత జోగమ్మ తల్లి చింతకాయ దులపబోయి చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. తండ్రి లేడు. మిర్చి ఏరే రోజులు. తల్లి పోవలసిన కూలికి జోగమ్మ పోవడం మొదలుపెట్టింది. బడికి వారానికి ఒకటి రెండు రోజులు, అదీ పరీక్షలుంటే.

ప్రీఫైనల్ తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. షాహీన్ జవాబు చదివాను.

"కోటయ్య ఇయ్యాళ్టి ఆకలి చూసిండు. నరసయ్య ఎల్లుండి ఆకలి చూసిండు. ఇద్దర్ల ఒక్కరు లేకున్నా ఇద్దరు సచ్చేటోళ్ళు. నరసయ్య మారలే. మొదటి సంది అట్లనే ఉన్నడు."

గైడులో లేదు. పైగా మాట్లాడే భాషలో ఉంది. నా జుట్టు, అప్పుడు ఉండేది, నిలువునా లేచింది. నాలుగు కాగితాలు తిప్పానో లేదో జోగమ్మ పేపరు. అక్షరం పొల్లు పోకుండా అదే జవాబు!

మూడు కూడా లెక్కపెట్టలేదు. బడికి సరిగా రాని పిల్ల, రోజూ వచ్చే పిల్ల దగ్గర చూసి రాసిందని నిర్ణయించేశాను. న్యాయమూర్తిని నేనే, సాక్షిని నేనే, తలారిని కూడా నేనే. ఇద్దరికీ సున్నా పెట్టాను. జోగమ్మ పేపరు మీద అదనంగా "కాపీ" అని ఎర్ర సిరాతో రాశాను. ఆ అక్షరాల సైజు చూస్తే ఎన్నికల గోడ రాతలు సిగ్గుపడతాయి. అంతటితో ఆగానా? తరగతిలో నిలబెట్టి, "బడికి రావు, వచ్చి దొంగతనం చేస్తావు" అన్నాను.

జోగమ్మ తల ఎత్తలేదు. పేపరు అందుకుని నాలుగు మడతలు పెట్టింది. సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. హాల్‌టికెట్లు వచ్చాయి. అందరూ తీసుకున్నారు. జోగమ్మది నా సొరుగులో ఉండిపోయింది. పది రోజుల్లో పబ్లిక్ పరీక్షలు.

షాహీన్ స్టాఫ్ రూముకు వచ్చింది. మేడమ్ అప్పుడు మూల బల్ల దగ్గర ఏవో రిజిస్టర్లు చూసుకుంటున్నారు.

"సార్, జోగమ్మ పరీక్షకు రాదంట."

"ఎందుకు రాదు?"

"మీరు దొంగ అన్నరు గద సార్. దొంగలు పరీక్షలు రాస్తరా?"

"చూసి రాస్తే ఏమనాలి మరి?"

"యాడ చూసింది సార్? అది కూసున్నది ఒకటో రూముల, నేను కూసున్నది మూడో రూముల. దాని కండ్లేమన్న గోడలు తొలుస్తయా? మీరు డ్యూటీ చేసింది నా రూములనే, గుర్తు లేదా?"

గుర్తుంది. అంతకుముందు లేదు, అప్పుడు వచ్చింది.

"అయితే మరి..."

"కాపీ గొట్టింది నేను సార్. జవాబు దానిది. అది తోటల చెప్పింది, నేను కంఠస్తం జేసిన. నాకియ్యుండ్రి సున్నా. కావాల్నంటే ఇంకొకటి గూడ ఇయ్యుండ్రి, రెండు పక్క పక్కన మంచిగుంటయ్. దానిది మాత్రం దానికియ్యుండ్రి."

"అది తరగతికే రాలేదు. నవల ఎప్పుడు చదివింది?"

"చదవలే. విన్నది. నమ్మకుంటే ఆదివారం తోటకు రాండ్రి."

మేడమ్ రిజిస్టర్ లోంచి తల ఎత్తకుండానే అన్నారు. "ఆదివారం మీకేం పనుంది సార్?"

"ఇంట్లో కొంచెం..."

"ఏమీ లేదన్నమాట. హాల్‌టికెట్ తీసుకెళ్ళండి."

ఆదివారం తోటలో

జోగమ్మ గూడెం పక్కనున్న తోటకు నా మోపెడ్ మీద బయలుదేరాను. ఆ బండి పుట్టిన తేదీ పురావస్తు శాఖవారు తేల్చాలి. ఎత్తు వస్తే నేను దిగి దాన్ని తోసేవాణ్ణి. పల్లం వస్తే అది నన్ను తోసేది. ఆరు కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. ఆ పిల్ల ఈ దూరం రోజూ నడిచి మొదటి గంట కొట్టకముందే బెంచీలో ఉండేదని అప్పుడే తట్టింది నాకు.

తోట ఎర్రగా ఉంది. ఘాటుకు రోడ్డు మీదే తుమ్ములు మొదలయ్యాయి. తోట చేరేసరికి నలభై పూర్తి చేశాను. పదిహేను మంది ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టుకుని, ఒళ్ళో కాయలు నింపుకుంటూ ముందుకు జరుగుతున్నారు. మధ్యలో జోగమ్మ. పక్క సాలులో, తలకు చున్నీ చుట్టుకుని, షాహీన్! కూలికి కాదు, ఊరికే. ప్రతి ఆదివారం వచ్చేదట. ఏరిన కాయలు జోగమ్మ ఒళ్ళో వేసేది.

మిర్చి చేతులతో పుస్తకం ముట్టలేరు. ఆ చేతితో పేజీ తిప్పి, మరిచిపోయి కన్ను తుడుచుకుంటే ఇక చదువు సంగతి చెప్పక్కర్లేదు. అందుకని షాహీన్ వారమంతా బడిలో విన్న పాఠాలను నోట్లో పెట్టుకుని వచ్చేది. సాలు మొదలు నుంచి చివరికి పోయేలోపు ఒక అధ్యాయం. జోగమ్మ విని, తెలుగు సరిగా రాని ముసలివాళ్ళకు కోయలో మళ్ళీ చెప్పేది. నేను తరగతిలో ఒకసారి చెప్పిన పాఠాన్ని ఆ పిల్ల రెండు భాషల్లో వింటూ, చెబుతూ, ఏరుతూ నేర్చుకుంది. మూడేళ్ళలో ఏడు మాటలన్నానే, అవి నాకు వినిపించినవి మాత్రమే.

నన్ను చూసి జోగమ్మ తల దించుకుంది. చేతులు మాత్రం ఆగలేదు. ఆమె పెద్దమ్మ, పళ్ళు తక్కువ, ధైర్యం ఎక్కువ ఉన్న మనిషి, నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"నువ్వేనా సారువి? ఆ మూట మోసినాయన పిసినారని చెప్పినవంట?"

"పుస్తకంలో అలా..."

"విత్తనం ఎవరన్న తింటరా? మా కాడ విత్తనాల పండుగ అయ్యేదాక బుట్ట మీద చెయ్యెయ్యం. ఇంట్ల పిల్ల ఆకలని ఏడ్సినా ఎయ్యం. అడివికి పోయి గడ్డలు తవ్వుకొస్తం. నీకు గది గూడ తెల్వదా?"

పదిహేను మందీ నవ్వారు. నాకు నిజంగానే తెలియదు. ఎన్నో ఏళ్ళుగా ఆ మూటను డస్టర్‌తో చేసుకుని తిరిగాను గానీ, అందులో ఉన్నది ఏమిటని ఒక్కసారి ఆలోచించలేదు. ఆకలి వేసినప్పుడు తినకుండా దాచినవాణ్ణి లోభి అన్నాను. దాచింది తిండి కాదు, విత్తనం.

"జోగమ్మా, నువ్వు చెప్పు" అన్నాను. పది లెక్కపెట్టాను. ఇంకో పది కూడా.

"కోటయ్య లేకుంటే నరసయ్య తొవ్వల్నే సచ్చేటోడు సార్. మూట బట్టుకొనే సచ్చేటోడు." ఒక కాయ తెంపింది. "నరసయ్య లేకుంటే కోటయ్య గోదారి కాడ సచ్చేటోడు. వానొచ్చి ఏం లాభం, ఏసుటానికి ఏముంటది?" ఇంకో కాయ. "ఆయన మారిండు అన్నరు మీరు. మారుటానికి ఆయనేం తప్పు జేసిండు సార్?"

ఆ పిల్ల నరసయ్య గురించే అడిగింది. నాకు మాత్రం అది నరసయ్య గురించి మాత్రమే అనిపించలేదు.

షాహీన్ చేతులు కడుక్కుని, చెట్టు కింద ఉన్న ఇద్దరి సంచుల్లోంచి రెండు పేపర్లూ తెచ్చింది. జోగమ్మది నాలుగు మడతలతో అలాగే ఉంది. తెలుగు టీచరు అడవికి పోయినా ఎర్ర పెన్ను లేకుండా పోడు. సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. "కాపీ" కొట్టేసి, "పొరపాటు నాది" అని రాసి సంతకం పెట్టాను. దొంగ అన్నది గట్టిగా కాబట్టి, ఇదీ గట్టిగా చదివాను. రేపు తరగతిలో కూడా చదువుతానన్నాను, చదివాను కూడా. ఈ హడావిడిలో, మర్యాదకు నాలుగు కాయలు ఏరిన చేత్తో కన్ను తుడుచుకున్నాను.

ఆ తర్వాత కాసేపు నాకు ప్రపంచం లేదు. కారిన నీళ్ళతో రెండెకరాలు తడిచేవి.

"అయ్యో, సారు ఏడుస్తుండే!" అంది పెద్దమ్మ, మెత్తబడి.

"ఏడుస్తలేడు. కారం వడ్డది" అంది జోగమ్మ. తన చేతులు పనికిరావని షాహీన్‌కు నీళ్ళ సీసా చూపించింది. షాహీన్ పోసింది. నేనింతకాలం అది కారమేనని చెప్పుకుంటూ వచ్చాను. సగం కారమే.

హాల్‌టికెట్ ఇవ్వబోతే జోగమ్మ చేయి చాపలేదు. "తోట అయిపోలే సార్. అమ్మ లేవలే."

పెద్దమ్మ మిగతావాళ్ళతో కోయలో ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళు జోగమ్మ సాలును వేళ్ళతో చూపించి పంచుకుంటుంటే అర్థమైంది. పరీక్షలయ్యే దాకా ఆ సాలు తలా కొంచెం ఏరతారు. కూలి తల్లికే చేరుతుంది.

"ఇగ దానికి సాలు లేదు సారూ. గా కాయితం ఇచ్చి పో" అంది పెద్దమ్మ. జోగమ్మ అరచేతులు పావడాకు తుడుచుకుని, హాల్‌టికెట్‌ను రెండు వేళ్ళ చివర్లతో అందుకుంది.

పరీక్ష రోజు

తెలుగు పరీక్ష రోజు తెలుగు టీచరును సెంటరు గేటు లోపలికి రానివ్వరు. ఎదురుగా టీ కొట్టులో కూర్చున్నాను. ఎనిమిది టీలు తాగాను. తక్కువ చెప్పానేమో. షాహీన్ గేటు దగ్గరే నిలబడింది. పోలీసు రెండుసార్లు లోపలికి పొమ్మన్నాడు. "మా దోస్తు వస్తది అన్నా, రెండు నిమిషాలు" అంటోంది. చివరి గంట కొట్టబోతుండగా కూలీల ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. పదిహేను మంది మధ్యలోంచి జోగమ్మ దిగింది. ఇద్దరూ పరుగెత్తారు. ఆటో తోటకు పోయింది.

మూడు గంటల తర్వాత బయటికి వచ్చారు. మన ప్రశ్న వచ్చిందని అప్పటికే తెలిసింది. నాకు కాలు నిలవలేదు.

"ఏం రాశావు జోగమ్మా?"

"గైడుల ఉన్నట్టే సార్. నరసయ్య లోభి, చివర్ల మారిండు అని."

"అదేంటమ్మా! తోటలో నేను..."

"దిద్దేటాయన యాడి మనిషో సార్. ఆయన మన తోటకు రాలే గద. పాసు గావాలె, కాలేజీల చేరాలె. నా జవాబు యాడికి పోతది? నా కాడనే ఉంటది."

పక్కన షాహీన్ మాట్లాడటం లేదు. అది ఎన్నడూ జరగని వింత కాబట్టి జోగమ్మ అటు తిరిగింది.

"నువ్వేం రాసినవే?"

"నీదే."

"నాదేంది?"

"తోటల చెప్పింది. పొల్లు పోకుండ రాసిన."

జోగమ్మ పరీక్ష అట్టతో ఆమె నెత్తి మీద ఒక్కటిచ్చింది. "పిచ్చిదానా! మార్కులు రాకుంటే?"

"రాకుంటే రాలే. యాడనో ఒక్కరన్న చదవాలె గద."

ఫలితాలొచ్చాయి. ఇద్దరూ పాసయ్యారు. తెలుగులో షాహీన్‌కు జోగమ్మ కంటే రెండు మార్కులు ఎక్కువ. ఆ పేపరు దిద్దిన మాస్టారు ఎవరో, ఏ ఊరివారో నాకు తెలియదు. ఆయన తోటకు రాలేదు, మా మేడమ్ కింద పనిచేయలేదు, కంట్లో కారం పడలేదు. ఊరికే బల్ల దగ్గర కూర్చుని, ముక్కూ మొహం తెలియని పిల్ల రాసింది పూర్తిగా చదివారు. ఈ వృత్తిలో నేను దండం పెట్టేవాళ్ళు కొద్దిమందే. అందులో ఆయన ఒకరు. కొత్త టీచర్లూ, మీరూ అలా చదవండి.

మార్కుల మెమోలు ఇచ్చిన రోజు జోగమ్మ రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత షాహీన్ మెమో మీద వేలు పెట్టింది.

"ఈ రెండు మార్కులు నాయి."

"తీస్కపో" అంది షాహీన్.

జోగమ్మ ఆ మెమో మడిచి తన సంచిలోనే పెట్టుకుంది. ఇద్దరూ ఇల్లందు కాలేజీలో దరఖాస్తు ఇవ్వడానికి బస్సెక్కారు.